కొండ దిగి ఇసుకలోకి: ఒక ప్రయాణం లెక్కలు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోను చేసి "నీ ఉద్యోగం గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పవోయ్" అన్నారు. నేను మెకానికల్ ఇంజనీర్ని. మస్కట్‌లో పంపులు, పైపులు, వాల్వుల మధ్య ఇరవై ఏళ్ళు గడిపాను. దాని గురించి ఇరవై నిమిషాలు చెబితే ఈ హాల్లో మెలకువగా మిగిలేది నేనొక్కణ్ణే. అందుకని ఒక ప్రయాణం గురించి చెబుతానన్నాను. 2018 డిసెంబరులో ఒమాన్ దేశంలో కొండల మీంచి ఎడారిలోకి, ఎడారి దాటి సముద్రం దాకా మూడు బళ్ళలో వెళ్ళాం. ప్రయాణం నాలుగు రోజులు. దానికి ముందు వేసిన లెక్కలు మూడు నెలలు. చెప్పదలచుకున్నది ఆ మూడు నెలల గురించే.

ముందు ఆ దేశం నైసర్గిక స్వరూపం కొంచెం చెప్పాలి. సోషల్ మాస్టారు ఉండి ఉంటే బోర్డు మీద పటం గీయించేవారు. ఒమాన్‌కి ఉత్తరాన సముద్రం వెంబడి హజర్ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. అందులో అన్నిటికంటే ఎత్తైన జెబెల్ షమ్స్ దాదాపు 3,000 మీటర్లు. చాలామటుకు బోడి రాయి. ఆ గోడకి దక్షిణాన నిజ్వా, ఇబ్రా, బిదియా లాంటి పాత ఊళ్ళు, ఖర్జూర తోటలు. ఇంకా దక్షిణానికి పోతే షర్కియా ఇసుకలు. పాత పేరు వహీబా ఇసుకలు. ఉత్తర దక్షిణాలు సుమారు 180 కిలోమీటర్లు, తూర్పు పడమరలు 80. విల్ఫ్రెడ్ థెసిజర్ అనే ఆంగ్లేయ యాత్రికుడు 1940ల చివర ఒంటెల మీద దాటిన ప్రాంతం అది. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ వాళ్ళు 1985 నుంచి రెండు మూడేళ్ళు అక్కడి ఇసుకనీ, చెట్లనీ, పురుగుల్నీ, మనుషుల్నీ కూడా పరిశోధించి వెళ్ళారు.

కొండకి ఉత్తరం వైపు నుంచి, అంటే రుస్తాక్ వైపు నుంచి, వాదీ బనీ అవ్ఫ్ అనే లోయలో పడి ఎక్కితే హత్ అనే ఊరి మీదుగా షరఫ్ అల్ అలమైన్ అనే శిఖరపు అంచుకి చేరవచ్చు. అటు దిగితే అల్ హమ్రా, నిజ్వా. అక్కణ్ణుంచి సినావ్ మీదుగా బిదియా. బిదియా దాటగానే ఇసుక. మా పథకం ఇదీ. అక్కడ ఏటిని 'వాదీ' అంటారు. మన ఏలూరు కోర్టులో వాదిలాగే, ఎన్నాళ్ళు ఊరుకుంటాడో ఎప్పుడు లేచి మీద పడతాడో ఎవరికీ తెలియదు.

మొత్తం తొమ్మిది మందిమి. నేను, మా ఆవిడ. తాడేపల్లిగూడెం మిత్రుడు, వాళ్ళావిడ, ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్ళబ్బాయి, గూడెం నుంచి విజిట్ వీసా మీద వచ్చిన మిత్రుడి తండ్రిగారు. నూజివీడు వైపు నుంచి వచ్చిన సహోద్యోగి ఒకరు. నాతో పనిచేసే ఒమానీ మిత్రుడు, అతని తమ్ముడు. వాళ్ళిద్దరిదీ బిదియా. ఎడారి అంచున పుట్టిపెరిగినవాళ్ళు వెంట లేకపోతే మిగతా ఏడుగురం ఆ ఇసుకలో కాలు పెట్టేవాళ్ళం కాదు. ఇది మొదటి లెక్క.

మన లెక్కల మాస్టారు రేఖాగణితం ఎలా చెప్పేవారో మీకందరికీ గుర్తే. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. దత్తాంశం రాయకుండా బొమ్మ గీస్తే చాక్‌పీస్ ముక్క వచ్చి నుదుటికి తగిలేది. నేను ఒక పెద్ద కాగితం తీసుకుని అలాగే గళ్ళు గీశాను. ప్రతి రోజుకీ ఒక వరస. మొదటి గడిలో దూరం, రెండో గడిలో నేల ఎలాంటిది, మూడో గడిలో నీళ్ళు, పెట్రోలు. ఆ కాగితం పట్టుకుని మిత్రుడి ఇంటికి వెళ్ళాను.

వాళ్ళ నాన్నగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆయన్ని నేను బాబాయిగారూ అంటాను. వయసు 74. ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ తోలారు. గూడెం నుంచి బియ్యం కలకత్తాకి, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది. ఒడిశా ఘాట్లన్నీ ఆయనకి చేతి గీతల్లా తెలుసు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, కళ్ళజోడు సవరించుకుని, ఒకే ప్రశ్న వేశారు.

"బానే ఉంది అబ్బాయ్. వెనక్కి ఎక్కడ తిరుగుతావ్?"

నాలుగో రోజు సాయంత్రం మస్కట్‌కి అన్నాను.

"అది రావడం. నేనడిగేది తిరగడం. ముందుకి పోలేమని తెలిసినప్పుడు బండి ఏ మలుపులో తిప్పుతావ్? అక్కడ తిప్పడానికి చోటుందా? అది రాసుకో. ఘాటెక్కాక ఆలోచించేది కాదది."

అలా నాలుగో గడి వచ్చింది. మిగతా మూడు గళ్ళు వారంలో పూర్తయ్యాయి. ఈ గడి నింపడానికి నెలన్నర పట్టింది. ఒమానీ మిత్రుడితో కూర్చుని, ఉపగ్రహ చిత్రాలు పెద్దవి చేసి చూస్తూ, బనీ అవ్ఫ్ దారిలో రెండు బళ్ళు పక్కపక్కన పట్టే చోట్లు ఎక్కడున్నాయి, బండి తిప్పగలిగే చోట్లు ఎక్కడున్నాయి అని ఒక్కొక్కటే గుర్తు పెట్టాం. ఆ దారి చాలాచోట్ల ఒక బండి వెడల్పే. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఖాళీ. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడుపుకుంటూ పోవాలి.

ఇప్పుడు నీళ్ళ లెక్క. శీతాకాలం కాబట్టి మనిషికి రోజుకి అన్నిటికీ కలిపి 6 లీటర్లు అనుకున్నాం. ఇసుకలో మేము గడపాల్సింది రెండు రోజులు. నాలుగు రోజులకి వేశాం. తొమ్మిది మందికి నాలుగు రోజులు, రోజుకి ఆరు లీటర్లు: 216 లీటర్లు. అది ఒకే బండిలో పెడితే అర్థం లేదు. ఏ బండి పోయినా మిగతా రెంటిలో మూడింట రెండు వంతులు ఉండేలా సర్దాం. మందులూ అంతే. బాబాయిగారికి షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. వాడుతున్న సీసా మామూలు గది వేడికి ఓ నెల నిలుస్తుంది గానీ ఎండలో ఆపిన బండి లోపల నిలవదు. అలాగని ఐసుకి తగిలేలా పెడితే గడ్డకట్టి పనికి రాకుండా పోతుంది. అందుకని రెండు సెట్లు, రెండు వేరు వేరు బళ్ళలో, రెండు చల్లపెట్టెల్లో, తువ్వాలు చుట్టి. ఆ పెట్టెల బాధ్యత మా ఆవిడది. ఆవిడ ప్రతి రెండు గంటలకీ మూత తీసి చూసుకునేది. ఈ ప్రయాణంలో నిజమైన ఇంజనీరు ఎవరంటే చెప్పడం కష్టం.

పెట్రోలు. సూటిగా 180 కిలోమీటర్లే అయినా ఇసుకలో సూటిగా ఎవరూ పోలేరు. 240 అనుకున్నాం. మా పజెరో రోడ్డు మీద లీటరుకి 8 కిలోమీటర్లు ఇచ్చేది. ఇసుకలో సగం, అంటే నాలుగు. 60 లీటర్లు కావాలి. దానికి ఒకటిన్నర రెట్లు వేస్తే 90. ట్యాంకు పట్టేది 88, మీద ఒక 20 లీటర్ల క్యాను, మొత్తం 108. ఇక్కడ బాబాయిగారి నాలుగో గడి మళ్ళీ వచ్చింది. 108లో మూడో వంతు 36. ఎడారిలో మొదటి 90 కిలోమీటర్లు పూర్తి కాకముందే 36 లీటర్లు ఖర్చయితే వెంటనే వెనక్కి తిరగాలి. ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు మన లెక్క తప్పయినప్పుడు. ఆ అంకె స్టీరింగు పక్కన కాగితం మీద రాసి అంటించాం. అక్కడికి చేరాక చర్చ పెట్టుకోకూడదని నియమం.

టైర్ల సంగతి కుర్రాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. సామానుతో కలిపి బండి 2,600 కిలోలు. చక్రానికి 650. టైరులో గాలి 36 పౌండ్లుంటే చదరపు సెంటీమీటరుకి రెండున్నర కిలోలు. 650ని రెండున్నరతో భాగిస్తే 260. అంటే టైరు నేలకి ఆనే జాగా సుమారు 260 చదరపు సెంటీమీటర్లు, ఒక చిన్న పుస్తకం అంత. గాలి 15 పౌండ్లకి తగ్గిస్తే అదే జాగా 600 దాటుతుంది. బరువు మారలేదు, పాదం వెడల్పయింది. టైరు మందం, గట్టిదనం లెక్కలోకి తీసుకుంటే అంకె కొంచెం మారుతుంది గానీ సంగతి అదే. కొల్లేటి లంకల్లో పుట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. గేదె డెక్క దిగబడే బురదలో తాటి దోనె జారిపోతుంది. అయితే గాలి తీసిన టైరుతో జోరుగా మలుపు తిప్పితే టైరు రిమ్ము వదిలేస్తుంది. అలాగే తారురోడ్డు మీద పరిగెత్తిస్తే పక్క గోడలు వేడెక్కి పగులుతాయి. అందుకని మళ్ళీ గాలి కొట్టుకునే పంపు ప్రతి బండిలోనూ ఉండాలి.

ఇసుకకీ ఒక క్రమం ఉంది. షర్కియా ఇసుకల్లో దిబ్బలు చాలామటుకు ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉంటాయి. ఉత్తరం వైపున వంద మీటర్ల ఎత్తున్నవీ ఉన్నాయి. రెండు బారుల మధ్య లోయ పట్టుకుని దక్షిణానికి పోవడం తేలిక. తూర్పు నుంచి పడమరకి పోవాలంటే ప్రతి బారునీ ఎక్కి దిగాలి, అది వేరే విద్య. ఉదయం పూట సముద్రపు మంచుకి ఇసుక తడిసి గట్టిగా ఉంటుంది. పైగా వాలు ఎండలో దిబ్బ అంచు నీడ కనపడుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడ ఉండదు, దిబ్బ అవతల నిటారుగా తెగిపోయిందో లేదో తెలియదు. కాబట్టి పదకొండు నుంచి మూడు దాకా బళ్ళు ఆపడం, భోజనం, నిద్ర. మా ఊళ్ళో వేసవి మధ్యాహ్నాల టైంటేబులే.

ఇంకో రెండు నియమాలు పెట్టుకున్నాం. మూడు బళ్ళూ ఎప్పుడూ విడిపోకూడదు. తొమ్మిది మందిలో ఎవరు 'వద్దు' అన్నా ఆగాలి, కారణం అడగకూడదు. రెండోది మా ఆవిడ పెట్టించింది. కారణం చెప్పమంటే చాలామంది నోరు మెదపరని ఆవిడ వాదన. మస్కట్‌లో ఉండిపోతున్న ఒక మిత్రుడికి కాగితం నకలు ఇచ్చాం. ఫలానా రోజు సాయంత్రం ఆరు లోపు మా ఫోను రాకపోతే 9999కి, అంటే అక్కడి పోలీసులకి, ఫోను చేసి ఆ కాగితం చదవమని చెప్పాం.

ఇంత లెక్కా వేశాక, బయలుదేరే ముందు రోజు సాయంత్రం, హజర్ కొండల మీద వర్షం పడే అవకాశం ఉందని వాతావరణ సూచన వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. వాదీ అంటే ఏమిటో ఏలూరు వాళ్ళకి చెప్పడం తేలిక. మన తమ్మిలేరే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, ముళ్ళకంప, పిల్లల క్రికెట్టు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే ఏరు లేస్తుంది, రెండు పాయలై ఊరిని చుట్టేస్తుంది. తమ్మిలేటి కట్ట మీద బియ్యం బస్తాలు, మంచాలు పెట్టుకుని కూర్చున్న రాత్రుల గురించి పెద్దవాళ్ళు చెప్పగా మనందరం విన్నాం. వాదీలో తేడా ఏమిటంటే రాతి కొండ నీటిని పెద్దగా పీల్చదు. పడినదాంట్లో చాలా భాగం దిగుతుంది. రెండు రాతి గోడల మధ్య, పక్కకి పోయే చోటు లేకుండా దిగుతుంది. ఒమాన్‌లో పారుతున్న వాదీలోకి కావాలని బండి దింపడం చట్టప్రకారం శిక్షార్హమైన నేరం. అలాంటి చట్టం చెయ్యాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు.

ఆ రాత్రి మిత్రుడి ఇంట్లో అందరం కూర్చున్నాం. వాయిదా వేసే వీలు లేదు. బాబాయిగారి వీసా ఆ వారంతో అయిపోతుంది, టిక్కెట్టు కొనేసి ఉంది. మళ్ళీ ఆయన ఆ వయసులో ఆ ఆరోగ్యంతో వస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు, ఆయనకీ లేదు. అవకాశం అన్నారు గానీ వాన ఖాయమని చెప్పలేదుగా అని కుర్రాడి వాదన. "అంకుల్, ముప్ఫై శాతమే. డెబ్భై శాతం పడదు" అన్నాడు. ఇంజనీరింగ్ విద్యార్థి కదా, లెక్క సరిగ్గానే చెప్పాడు. మిత్రుడు ఎటూ తేల్చలేదు, తండ్రి కోరిక ఒక పక్క, కొడుకు ఉత్సాహం ఒక పక్క. ఒమానీ మిత్రుడు మర్యాదస్తుడు, అతిథులు ఎలా అంటే అలా అన్నట్టు ఊరుకున్నాడు గానీ అతని ముఖం నాకు తెలుసు.

నేను వద్దన్నాను. కారణం అడగకూడదన్న నియమం ఉన్నా, కుర్రాడి కోసం చెప్పాను. ముప్ఫై శాతం వాన పడుతుంది. పడితే ఆ లోయలో పైకి పోలేం, తిరగడానికి నాలుగో గడిలో ఉన్నవి మొత్తం నాలుగు చోట్లు, వాటిలో రెండు నీటి దారిలోనే ఉన్నాయి. అంటే సగం దూరం మేర తిరగడమనేదే లేదు. పడనప్పుడు మనకి కలిగే లాభం ఒక మంచి దృశ్యం. ఈ రెండూ ఒకే తక్కెడలో తూగేవి కావు.

బాబాయిగారు అంతవరకూ మాట్లాడలేదు. "రోడ్డు మీదే పోదాం. కొండ అవతలి నుంచి తారురోడ్డుందంటున్నావుగా, పైకి అట్నుంచి ఎక్కి చూద్దాం" అని లేచి పడుకోవడానికి వెళ్ళిపోయారు.

మర్నాడు సుమాయిల్ లోయ గుండా పెద్దరోడ్డు మీద నిజ్వా వెళ్ళాం. ఆ రోజు వాన పడలేదు.

రెండో రోజు ఉదయం అల్ హమ్రా నుంచి తారురోడ్డు మీద షరఫ్ అల్ అలమైన్ ఎక్కాం. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కింద, మేం రావలసిన దారి తెల్లటి దారప్పోగులా మెలికలు తిరుగుతూ కనపడుతోంది. పొడిగా ఉంది. కుర్రాడు ఆ దారి వంక చూసి, నా వంక చూసి, "చూశారా అంకుల్" అన్నాడు. తప్పు పట్టడం కాదు, ఉసూరుమనడం. నేనేమీ అనలేదు. ఇంకోసారి అదే సూచన వస్తే ఇంకోసారి అదే చెబుతాను. ఏదైనా నిర్ణయం తీసుకున్న రోజున చేతిలో ఉన్న సమాచారం బట్టి దాన్ని తూచాలి గానీ తెల్లారి వచ్చిన ఫలితాన్ని బట్టి కాదు. మా వృత్తిలో ఇది కొత్తవాళ్ళకి నేర్పడం అన్నిటికంటే కష్టం. సేఫ్టీ వాల్వు పదేళ్ళు తెరుచుకోలేదని ఎవరూ దాన్ని పీకి అమ్ముకోరు. ఆ మాట మనుషుల విషయంలో గుర్తుండదు.

అదే నిజ్వా నుంచి సినావ్ వైపు పోయే ప్రాంతంలో సమద్ అల్ షాన్ అని ఒక ఊరుంది. మా ప్రయాణం జరిగిన ఐదారేళ్ళకి, 2024 ఏప్రిల్‌లో, ఆ ఊళ్ళో వాదీ పొంగి బడిపిల్లలున్న వాహనం కొట్టుకుపోయింది. పిల్లలు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ఏం చేసిందో మీరు చూశారు. ఆ బుడమేరూ, మన తమ్మిలేరూ చివరికి వచ్చి చేరేది కొల్లేట్లోకే. సమద్ అల్ షాన్ వార్త వచ్చిన రాత్రి, అప్పటికి ఉద్యోగంలో చేరిన ఆ కుర్రాడు పూనా నుంచి నాకు ఫోను చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సరే, ఎడారి.

నిజ్వాలో ఒక సంగతి చెప్పకుండా పోలేను. గోదావరి కాలవా కృష్ణా కాలవా కలిసే ఊరు మనది, కాలవ నీళ్ళ తగాదాలు మన రక్తంలోనే ఉన్నాయి. అక్కడ ఫలజ్ అంటారు. కొండ అడుగున నీటిని పట్టి, కిలోమీటర్ల దూరం సొరంగంలోనూ కాలవలోనూ వాలు మీద నడిపి తోటలకి ఇస్తారు. పంపు లేదు, మోటారు లేదు. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో సహా అలాంటివి ఐదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. నీటి వంతు అరగంట లెక్కన పంచుతారు, దాన్ని అథర్ అంటారు. పగలు ఎండగడియారం నీడ, రాత్రి నక్షత్రాలు చూసి వంతు మార్చేవారు. బాబాయిగారు కాలవ గట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టి, "ఇక్కడ లస్కరు ఎవరికి తెలిసినవాడైతే వాడికి ముందు నీళ్ళొస్తాయా?" అని అడిగారు. ఒమానీ మిత్రుడికి తర్జుమా చేసి చెబితే అతను చాలాసేపు నవ్వాడు. ఇక్కడా అంతేనన్నమాట అనుకున్నాం.

బిదియా దగ్గర ఇసుక అంచున రాత్రి ఆగాం. పొద్దున్నే బాబాయిగారు నన్ను చెయ్యి పట్టుకుని ఒక చెట్టు దగ్గరకి తీసుకెళ్ళారు. "ఇది జమ్మి కదూ?" అన్నారు. నిజంగానే జమ్మి. వాళ్ళు గాఫ్ అంటారు. వేళ్ళు చాలా లోతుకి పోతాయి, ఒంటెలకి మేత, మనుషులకి నీడ. ఆ చెట్టుని నరకడం అక్కడివాళ్ళు తప్పుగా చూస్తారు. దసరా నాడు పేర్లు రాసిన చీటీ కట్టే చెట్టు, అంత ఇసుకలో. ఆయన జేబులోంచి పెట్రోలు బంకు రసీదు తీసి, వెనకాల ఇంటిల్లిపాది పేర్లూ రాసి కొమ్మకి గుచ్చారు. తరవాత, చెత్త పడెయ్యకూడదని నేనే నియమం పెట్టానని గుర్తొచ్చి, తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆ రోజు పదిన్నరకి మా పజెరో దిగబడింది. ఇది అందరికీ జరిగేదే, పెద్ద విశేషం కాదు. దిగబడిందని తెలిసిన క్షణంలో యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యాలి. చక్రం తిరిగే కొద్దీ గొయ్యి లోతవుతుంది, అంతే. గాలి ఇంకా 12 పౌండ్లకి తీసి, చక్రాల ముందు పారతో తవ్వి, ప్లాస్టిక్ పలకలు వేసి బయటికి తెచ్చాం. పుంతల్లో బండి దిగబడితే తాటాకులు, ఎండుగడ్డి వేసేవాళ్ళం, ఇది దానికి ఖరీదైన రూపం. నలభై నిమిషాలు పట్టింది. పన్నెండున్నర దాటుతుండగా 90 కిలోమీటర్ల దగ్గర మీటర్లు చూశాం. మాది 31 లీటర్లు. 36 దాటలేదు. ఆ లెక్కన మిగతా 150 కిలోమీటర్లకి 52 లీటర్లు కావాలి, మొత్తం 83. ముందుకే. ఎవరూ చర్చించలేదు. నలుగురు మాత్రం వంగి ఆ కాగితం వంక చూశారు.

రాత్రి ఇసుక మధ్యలో బస. చలి. ఎముకలు కొరికింది. చుక్కల గురించి నేను వర్ణించను, మా తరంలో కరెంటు పోయిన రాత్రి కొల్లేటి గట్టు మీద పడుకున్నవాడెవడికీ వర్ణన అక్కర్లేదు.

నాలుగో రోజు, సముద్రం వాసన వస్తున్నప్పుడు, అసలు ప్రమాదకరమైన నేల ఎదురైంది. దాన్ని సబ్ఖా అంటారు. ఉప్పు పెచ్చు కట్టిన చదునైన నేల. చూడ్డానికి క్రికెట్టు పిచ్‌లా ఉంటుంది. ఇసుకలో రెండ్రోజులు కుస్తీ పట్టినవాడికి అది చూడగానే ప్రాణం లేచొస్తుంది, కాలు యాక్సిలరేటరు మీద గట్టిగా పడుతుంది. కింద బురద. ఇసుకలో దిగబడిన బండి గంటలో వస్తుంది, అందులో దిగబడిన బండి కోసం ట్రాక్టరు రావాలి. ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలం కొల్లేటి పొలిమేరల్లో పై నేల పగుళ్ళు విచ్చి రాయిలా ఉంటుంది. ఆ పెచ్చుని నమ్మి వరిగడ్డి బండి దింపితే ఇరుసు దాకా పోతుంది. మా నాన్న ముందు నడిచి, మడమతో తన్ని, చప్పుడు విని, అప్పుడు ఎడ్లని తోలమనేవాడు. నేనూ దిగి మడమతో తన్నుకుంటూ నడిచాను. ఒమానీ తమ్ముడు పక్కనే నడుస్తూ అదే పని చేస్తున్నాడు. ఇద్దరం ఒకేచోట ఆగాం, చప్పుడు మారిన చోట. బళ్ళని ఇసుక అంచు వెంట చుట్టు తిప్పుకొచ్చాం. గంటన్నర అదనం.

అది దాటితే బార్ అల్ హిక్మాన్ తీరం. శీతాకాలంలో లక్షల కొద్దీ నీటిపక్షులు వచ్చి దిగే చోటు. రెండు రోజులు ప్రాణమున్నదేదీ పెద్దగా కనపడని ఇసుకలోంచి వచ్చి, ఒక్కసారిగా నీటి అంచంతా కదిలే పక్షులు. ఆటపాక గట్టు మీద నిలబడి గూడబాతుల్ని చూసినవాళ్ళకి నేనేం చెబుతున్నానో తెలుస్తుంది. బాబాయిగారు పంచె పైకి కట్టి నీళ్ళలోకి నడిచారు. సాయంత్రం ఐదుంబావుకి సిగ్నలు దొరికింది, మస్కట్‌కి ఫోను చేశాం. ట్యాంకులోనూ క్యానులోనూ కలిపి 20 లీటర్లు మిగిలాయి. నీళ్ళు సగానికి సగం మిగిలాయి. ఇన్సులిన్ రెండో సెట్టు ముట్టుకోలేదు.

ఇక ఈ సభకి సంబంధించిన మాట ఒకటి. 2022లో కొత్త ఏలూరు జిల్లా ఏర్పడ్డాక బుట్టాయగూడెం అడవీ, కొల్లేరూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. ఎడారి లేదు గానీ కొండ నుంచి నీటి దాకా దిగే దారి మనకీ ఉంది. గుబ్బల మంగమ్మ తల్లి గుడి వైపు అడవి దారి, అక్కణ్ణుంచి జంగారెడ్డిగూడెం, ద్వారకా తిరుమల, భీమడోలు, చివరికి కొల్లేరు. సంక్రాంతి వెళ్ళాక సంఘం తరపున ఐదారు బళ్ళలో పోదామని కొందరం అనుకుంటున్నాం. అడవిలోకి అటవీ శాఖ చెప్పిన చోటుకే, వాళ్ళు అనుమతించిన వేళల్లోనే. అభయారణ్యంలో గట్ల మీద హారన్లు కొట్టకుండా. గురువులు ఎవరైనా వస్తామంటే ముందు బండిలో ముందు సీటు వారిదే.

కాగితం మీద గళ్ళు గీశాను. దూరం, నేల, నీళ్ళు నింపాను. గుడి వైపు వాగులు దాటే చోట బళ్ళు తిప్పడానికి జాగా ఎక్కడుందో నాకు తెలియదు, నాలుగో గడి ఖాళీగా ఉంది. బుట్టాయగూడెం, జంగారెడ్డిగూడెం వైపు వాళ్ళు ఈ హాల్లో ఉంటే టిఫిన్ల దగ్గర నన్ను కలవండి. పెన్ను నా దగ్గరే ఉంది.